రెప్పపాటు కంటే చిన్న మెరుపు

నాట్లు వేసిన నెల రోజులకు పొలం పచ్చగా కమ్ముకుంటుంది. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండుతుంది. సాగర్ కాలువల్లోకి 1967లో నీళ్లు వదిలారు. అప్పటి నుంచి ఇక్కడి బతుకు వరితో ముడిపడింది. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు నీళ్లు, బావులు, బోర్లు ఆధారం. పండిన వడ్లు సూర్యాపేట మార్కెట్ యార్డుకు పోతాయి. మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. నారు పీకేది, నాటేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే.

“నీళ్లు పెట్టినం, ఎరువు చల్లినం, పంట వచ్చింది. ఇంకేముంది?” అని ఎవరైనా అనవచ్చు.

ఇంకా ఒక పని ఉంది. ఆ పని మనిషి చేసేది కాదు. ఆకు చేసేది. పగలంతా ఎండలో నిలబడి వరి ఆకు ఆ పని చేస్తూనే ఉంటుంది. పక్కనే నడుం వంచి కలుపు తీస్తున్నా అది మన కంటికి కనిపించదు. అది చాలా చిన్న చోట జరుగుతుంది. చాలా వేగంగా జరుగుతుంది. ఈ మధ్యనే శాస్త్రవేత్తలు దాన్ని ఫొటోలు తీయగలిగారు. ఎలా తీశారో తెలుసుకుందాం.

ఆకు చేసే వంట

వరి ఆకు ఒక వంటిల్లు లాంటిది. ఆ వంటకు మూడు కావాలి. ఒకటి నీరు. అది వేరు నుంచి పైకి వస్తుంది. రెండు గాలి. ఆకు మీద సన్నని రంధ్రాలుంటాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వాటిలోంచి లోపలికి పోతుంది. మూడు ఎండ. ఆ వంటకు ఎండే పొయ్యి.

ఈ మూడింటితో ఆకు చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెరే పిండిపదార్థంగా మారి గింజలో చేరుతుంది. పాలు పోసుకున్న కంకిలో ఒక గింజను నలిపితే తెల్లగా పాలు వస్తాయి. అది ఆకు వండిన వంటే. మన కంచంలోని అన్నం కూడా అదే.

ఈ వంటలో మిగిలిపోయిన దాన్ని ఆకు బయటికి వదులుతుంది. అదే ప్రాణవాయువు. దీన్నే ఆక్సిజన్ అంటారు. మనం పీల్చే ప్రాణవాయువు దాదాపు అంతా చెట్లు, మొక్కలు, నీటిలోని నాచు ఇలా వదిలినదే. అది ఎక్కడి నుంచి వచ్చింది? నీటిలోంచి వచ్చింది. ఆకు నీటిని విడగొట్టింది. అందులోని ప్రాణవాయువును వదిలేసింది.

నీటిని విడగొట్టడం తేలిక పని కాదు. ఎసరు మరిగితే ఆవిరి వస్తుంది. కానీ ఆవిరి కూడా నీరే. మూతకు తగిలి చల్లారితే మళ్లీ చుక్కలవుతుంది. రెండు వేల డిగ్రీల వేడిలో పెట్టినా నీటిలో కొద్ది భాగమే విడిపోతుంది. వరి ఆకు మాత్రం మామూలు ఎండలోనే ఆ పని చేస్తుంది. పొగ రాదు. మంట ఉండదు. ఆకు మాడిపోదు.

ఇది ఎలా సాధ్యం? జవాబు కావాలంటే ఆకు లోపలికి చూడాలి.

అణువు అంటే ఏమిటి?

బియ్యపు రాశిలో గింజలు ఉన్నట్టే నీటిలోనూ ‘గింజలు’ ఉంటాయి. వాటిని అణువులు అంటారు. ఒక్కో నీటి అణువులో మూడు పరమాణువులు ఉంటాయి. రెండు హైడ్రోజన్‌వి, ఒకటి ఆక్సిజన్‌ది. మూడూ గట్టిగా చేతులు పట్టుకుని ఉంటాయి.

అణువు ఎంత చిన్నది? ఒక చెంచాడు నీళ్లు తీసుకోండి. అందులోని అణువులు ఎన్నో రాయాలంటే 1 వేసి, పక్కన 23 సున్నాలు పెట్టాలి. అది కూడా చాలదు.

గాలి, రాయి, ఆకు, మన ఒళ్లు, మనం వేసుకునే మందు గోలి, అన్నీ అణువులతోనే తయారయ్యాయి. అణువులు ఊరికే ఉండవు. ఊగుతాయి, వంగుతాయి, ఒకదానికొకటి తగులుతాయి. పాత జత వదిలి కొత్త జత కడతాయి. పాలు తోడుకున్నా, ఇనుము తుప్పు పట్టినా, మందు ఒంట్లో పనిచేసినా, లోపల జరిగేది అణువుల కదలికే.

ఎంత వేగం?

కన్ను మూసి తెరిస్తే రెప్పపాటు. అది సెకనులో కొద్ది భాగం. మనకు అదే చాలా తక్కువ కాలం. అణువులకు మాత్రం అది యుగాలతో సమానం.

ఒక సెకనును కోటి ముక్కలు చేశారనుకోండి. అందులో ఒక్క ముక్కను తీసుకోండి. దాన్ని మళ్లీ పది కోట్ల ముక్కలు చేయండి. అందులో ఒక్క ముక్క పేరు ఫెమ్టోసెకను. అణువులోని పరమాణువులు అటూ ఇటూ జరగటాన్ని ఈ ఫెమ్టోసెకన్లలోనే లెక్కపెడతారు. కొన్ని పదులు, కొన్ని వందల ఫెమ్టోసెకన్లలో ఒక అణువు వంగిపోవచ్చు, విరిగిపోవచ్చు.

ఇంకో రకంగా చూద్దాం. ఒక ఫెమ్టోసెకనును సాగదీసి ఒక సెకను చేశామనుకోండి. అదే లెక్కన ఒక సెకను మూడు కోట్ల ఏళ్లు దాటుతుంది.

వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అలాంటి వెలుగు కూడా ఒక ఫెమ్టోసెకనులో వెంట్రుక మందంలో నూరో వంతు దూరం కూడా పోలేదు. అంత చిన్న కాలం అది.

గుర్రం ఫొటో చెప్పిన సంగతి

పెళ్లిలో ఫొటో తీసేటప్పుడు ఒళ్లో పిల్ల కదిలితే ఫొటోలో ముఖం చెదిరిపోతుంది. తిరిగే ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించవు. ఒక గుండ్రటి మసకలాగా కనిపిస్తాయి. కానీ చీకటి రాత్రి మెరుపు మెరిసినప్పుడు చూడండి. గాలికి ఊగే తాటిచెట్టు ఆ క్షణం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. చెట్టు ఆగలేదు. మెరుపు అంత తక్కువసేపు వెలిగింది.

వేగంగా కదిలే దాన్ని చూడాలంటే దాని కదలిక కంటే చిన్న మెరుపు కావాలి.

ఈ సంగతిని పూర్వం ఒక గుర్రం తేల్చింది. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేల వదులుతాయా, లేదా? కంటితో చూసి ఎవరూ చెప్పలేకపోయారు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా 12 కెమెరాలు పెట్టాడు. గుర్రం వాటి ముందు నుంచి పరుగెత్తింది. ఒక్కో కెమెరా ఒక్కో క్షణాన్ని పట్టింది. నాలుగు కాళ్లూ గాలిలో ఉన్న ఫొటో దొరికింది. ఆ గుర్రాల యజమాని పేరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్. ఆ తర్వాత అతని కుటుంబం ఆ భూమిలోనే ఒక విశ్వవిద్యాలయం పెట్టింది. అణువుల పరుగును ఫొటో తీసే మొదటి పెద్ద యంత్రం కూడా ఆ విశ్వవిద్యాలయం నడిపే ప్రయోగశాలలోనే వచ్చింది.

మామూలు వెలుగు ఎందుకు చాలదు?

వెలుగు అలలుగా వస్తుంది. మామూలు వెలుగు అల పొడవు పరమాణువు కంటే వేల రెట్లు పెద్దది. రోకలితో సూదిలో దారం ఎక్కించలేం కదా! అలాగే మామూలు వెలుగుతో పరమాణువును చూడలేం. అందుకు సన్నని అలలున్న వెలుగు కావాలి. అదే ఎక్స్‌రే.

కాలు విరిగితే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రేను 1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆయన తన భార్య చేతికి ఎక్స్‌రే తీశాడు. వేళ్ల ఎముకలు, వేలి ఉంగరం అందులో కనిపించాయి.

అణువుల ఆకారం తెలుసుకునే పద్ధతి వేరు. పటికబెల్లం ముక్కను చూడండి. దాని పక్కలు నున్నగా, అంచులు తీరుగా ఉంటాయి. లోపల చక్కెర అణువులు వరసలు వరసలుగా పేర్చి ఉండటమే అందుకు కారణం. ఇలాంటి దాన్ని స్ఫటికం అంటారు. స్ఫటికం మీద ఎక్స్‌రే పడితే అది అనేక వైపులకు చెదురుతుంది. అవతల పెట్టిన తెర మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది.

ముగ్గు వేసేవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. ముందు చుక్కలు పెడతాం. చుక్కల వరసను బట్టి ముగ్గు వస్తుంది. శాస్త్రవేత్తలు కూడా తెర మీద పడిన చుక్కలను, వాటిలో ఏది ఎంత వెలిగిందో చూసి లెక్కకడతారు. ఆ లెక్కలోంచి అణువు ఆకారం బయటపడుతుంది.

ఈ పనిలో ఆడవాళ్లు గొప్ప పేరు తెచ్చుకున్నారు. ఇంగ్లండ్‌లో డోరతీ హాడ్జ్‌కిన్ పెన్సిలిన్ మందు ఆకారం, బి12 విటమిన్ ఆకారం తేల్చింది. 1964లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. చక్కెర జబ్బు వాళ్లకిచ్చే ఇన్సులిన్ ఆకారాన్ని కూడా 1969లో ఆమె బృందమే తేల్చింది.

కానీ అవన్నీ నిలబడి తీయించుకున్న ఫొటోల లాంటివి. రేషన్ కార్డు మీది ఫొటో చూస్తే మనిషి ముఖం తెలుస్తుంది. ఆ మనిషి నడక తెలియదు. అణువు ఆకారం తెలిసింది కానీ, అది పనిచేసేటప్పుడు ఎలా కదులుతుందో తెలియలేదు. అందుకు ఎక్స్‌రే కావాలి. అదీ మెరుపులాగా వచ్చిపోయే ఎక్స్‌రే కావాలి.

చప్పట్లు ఒక్కసారిగా పడితే

బతుకమ్మ ఆడేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కోసారి చప్పట్లు కొడితే గోలగా ఉంటుంది. అందరూ ఒక్కసారి కొడితే వాడంతా వినిపిస్తుంది. లేజర్ వెలుగు అలాంటిది. దాని అలలన్నీ ఒకే తాళంలో నడుస్తాయి. అందుకే అది అంత బలంగా ఉంటుంది.

ఎక్స్‌రేను కూడా అలా తాళంలోకి తేవాలి. అందుకు ఎలక్ట్రాన్లు అనే అతి చిన్న కణాలను పొడవైన గొట్టంలో తోస్తారు. అవి దాదాపు వెలుగంత వేగం అందుకుంటాయి. తర్వాత వాటిని అయస్కాంతాల మధ్యకు పంపుతారు. ఆ అయస్కాంతాలను ఒకటి ఇటు లాగేది, ఒకటి అటు లాగేది, ఇలా వరసగా పెడతారు. ఎలక్ట్రాన్లు పాములాగా మెలికలు తిరుగుతూ పోతాయి. మెలిక తిరిగిన ప్రతిసారి ఎక్స్‌రేను వదులుతాయి. పోగా పోగా ఎలక్ట్రాన్లు గుంపులు కట్టి, అన్నీ ఒకే తాళంలో ఎక్స్‌రేను వదులుతాయి. చివర వచ్చేది ఒక బలమైన ఎక్స్‌రే మెరుపు. అది కొన్ని పదుల ఫెమ్టోసెకన్లు మాత్రమే ఉంటుంది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర 2009లో ఈ యంత్రం మొదటిసారి వెలిగింది. దానికోసం ఒక కిలోమీటరు పొడవున ఎలక్ట్రాన్లను పరుగెత్తిస్తారు. మొదట్లో అది సెకనుకు 120 మెరుపులు ఇచ్చేది. 2023లో దాన్ని పెంచారు. సెకనుకు పది లక్షల మెరుపుల దాకా ఇచ్చేలా కొత్త భాగాన్ని కట్టారు. జపాన్‌లో 2011లో ఇలాంటి యంత్రం వచ్చింది. జర్మనీలో 2017లో మొదలైన యంత్రం 3.4 కిలోమీటర్ల పొడవుంది. అదంతా భూమి కింద సొరంగంలో ఉంది. కొరియా, స్విట్జర్లాండ్ దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి.

వంద పొయ్యిలు, వంద గిన్నెలు

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ ఎక్స్‌రే మెరుపు చాలా బలమైనది. దేని మీద పడితే అది ముక్కలైపోతుంది. ఫొటో తీయబోతే వస్తువే పోతే ఎట్లా?

దీనికి శాస్త్రవేత్తలు ఒక దారి చూశారు. వస్తువు ముక్కలు కావటానికి కూడా కొంచెం కాలం పడుతుంది. మెరుపు దానికంటే ముందే దాటిపోతే చాలు. ఫొటో ముందు వస్తుంది, వస్తువు తర్వాత పోతుంది. ఇది కుదురుతుందని 2000లో లెక్కకట్టి చెప్పారు. యంత్రం వచ్చాక చేసి చూపించారు. ఆ ఫలితం 2011లో అచ్చయింది. అందులో ఫొటో తీసింది కూడా మొక్కల్లో ఎండను పట్టే ఒక పదార్థాన్నే.

అయితే ఒక స్ఫటికం ఒక్క ఫొటోకే సరి. మరి కదలిక మొత్తం ఎలా తెలుస్తుంది?

అన్నం ఉడకటం ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకోండి. గిన్నె మూత ఒక్కసారి తీస్తే ఆ గిన్నె ఇక పనికిరాదనుకోండి. అప్పుడేం చేస్తాం? వంద పొయ్యిల మీద వంద గిన్నెలు పెడతాం. అన్నింటిలో ఒకే బియ్యం, ఒకే కొలత నీళ్లు. అన్నీ ఒకేసారి వెలిగిస్తాం. ఒక గిన్నె మూత ఒక నిమిషానికి తీస్తాం. ఇంకోటి రెండు నిమిషాలకు, మరోటి మూడు నిమిషాలకు. చూసినవన్నీ వరసగా పేర్చుకుంటే అన్నం ఉడికే కథ మొత్తం తెలుస్తుంది.

శాస్త్రవేత్తలు చేసేదీ అదే. వాళ్లు రెండు మెరుపులు వాడతారు. మొదటిది మామూలు లేజర్ మెరుపు. అది పొయ్యి వెలిగించినట్టు పని మొదలుపెడుతుంది. రెండోది ఎక్స్‌రే మెరుపు. అది ఫొటో తీస్తుంది. రెండింటి మధ్య ఎంత కాలం ఉండాలో ముందే పెట్టుకుంటారు. ఆ కాలాన్ని కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. ప్రతిసారి కొత్త స్ఫటికాలు వాడతారు. వేల ఫొటోలు కూడితేగాని ఒక్క బొమ్మ తేలదు.

ఇంత చిన్న కాలాల్లో అణువుల కదలికను మొదట మామూలు లేజర్ మెరుపులతో చూశారు. ఆ పనికి ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్స్‌రే మెరుపు వచ్చాక పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా కనిపించింది.

ఆకు లోపల కనిపించింది ఏమిటి?

ఆకులో నీటిని విడగొట్టే పదార్థం ఒకటుంది. అది పెద్ద అణువుల గుంపు. దాని నడుమ ఒక చిన్న ముడి ఉంటుంది. నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, వాటిని కలిపే ఐదు ఆక్సిజన్ పరమాణువులు. నీటిని విడగొట్టేది ఈ ముడే. ఇందులో బంగారం లేదు, ప్లాటినం లేదు. కాల్షియం మనం తినే సున్నంలో ఉన్నదే. మాంగనీసు మట్టిలో దొరికేదే.

ఈ ముడి పని రాట్నంలా గుండ్రంగా తిరుగుతుంది. ఒక చుట్టు తిరగాలంటే నాలుగుసార్లు వెలుగు తగలాలి. వెలుగు తగిలినప్పుడల్లా ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతుంది. నాలుగూ పూర్తయితే రెండు నీటి అణువులు విడిపోతాయి. ప్రాణవాయువు అణువు ఒకటి బయటికి వస్తుంది. ఈ నాలుగు మెట్ల లెక్క 1970 నాటికే తెలిసింది. మెట్ల మీద ఏం జరుగుతుందో మాత్రం తెలియలేదు.

2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ముడి ఆకారాన్ని స్పష్టంగా చూపించారు. 2015లో ఎక్స్‌రే లేజర్‌తో, ముడి చెడకుండా, మళ్లీ చూపించారు. ఇంకో బృందం అమెరికాలోని బర్క్‌లీలో పనిచేస్తోంది. అందులో జుంకో యానో అనే మహిళా శాస్త్రవేత్త, విఠల్ యాచంద్ర, యాన్ కెర్న్ ముఖ్యులు. ఈ పదార్థాన్ని వాళ్లు వేడినీటి ఊటల్లో పెరిగే ఒక నాచు లాంటి సూక్ష్మజీవి నుంచి తీస్తారు. వరి ఆకులో నీటిని విడగొట్టే ముడి, ఆ సూక్ష్మజీవిలోని ముడి ఒకలాంటివే.

వాళ్ల ఏర్పాటు చూస్తే రైస్ మిల్లు గుర్తొస్తుంది. సన్నని స్ఫటికాలున్న చుక్కలను కదిలే పట్టీ మీద వేస్తారు. పట్టీ ముందుకు పోతుంటుంది. దారిలో ఒక్కో చుక్క మీద లేజర్ మెరుపులు పడతాయి. కొన్ని చుక్కలకు ఒకటి, కొన్నింటికి రెండు, కొన్నింటికి మూడు. చివర ఎక్స్‌రే మెరుపు పడి ఫొటో వస్తుంది. చుక్క పోతుంది. ఇంకో చుక్క వస్తుంది.

2018లో ఆ బృందం అన్ని మెట్ల బొమ్మలనూ మామూలు వేడిలోనే తీసి చూపించింది. ఒక మెట్టు దగ్గర మాంగనీసు పరమాణువుల మధ్య దూరం కొంచెం పెరుగుతుంది. ఆ సందులోకి నీటి నుంచి వచ్చిన కొత్త ఆక్సిజన్ చేరుతుంది. పక్కకు జరిగి చుట్టానికి చోటిచ్చినట్టు ఉంటుంది. 2023లో చివరి మెట్టు బొమ్మలు వచ్చాయి. ప్రాణవాయువు పుట్టటానికి ముందు ఒకటి తర్వాత ఒకటి చాలా పనులు జరుగుతాయని వాటిలో తేలింది. ఆ మెట్టు మొత్తం సెకనులో వెయ్యో వంతు కాలాల్లోనే ముగిసిపోతుంది.

రెండు ఆక్సిజన్లు సరిగ్గా ఏ తీరుగా జత కడతాయన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన ఉంది. పని సాగుతూనే ఉంది.

దీనితో మనకేం లాభం?

నీటిని విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. హైడ్రోజన్ మండుతుంది. మండినప్పుడు నీటి ఆవిరే వస్తుంది. బొగ్గు పొగ రాదు. కట్టెల పొయ్యి పొగతో కళ్లు మండి, దగ్గు పట్టిన ఆడవాళ్లకు పొగ రాని మంట విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కూడా కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తున్నారు. కానీ ఖర్చు ఎక్కువ. కొన్ని యంత్రాలకు ప్లాటినం, ఇరిడియం లాంటి ఖరీదైన లోహాలు కావాలి. ఆకు మాత్రం చవక సరుకుతోనే ఆ పని చేస్తుంది. ఆకు కిటుకు పూర్తిగా తెలిస్తే ఎండతో, చవక లోహాలతో నీటిని విడగొట్టే పద్ధతి కనిపెట్టవచ్చు. ఆ ఆశతోనే ఇంత కష్టపడుతున్నారు.

అది ఇంకా మన వాకిట్లోకి రాలేదు. అందుకే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. “ఈ పొయ్యి ఉత్త నీళ్లతో మండుతుంది, కరెంటు వద్దు, గ్యాసు వద్దు” అని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు. నీరు దానంతట అది మండదు. దాన్ని విడగొట్టాలంటే బయటి నుంచి శక్తి పెట్టాల్సిందే. ఆకు కూడా ఎండ లేకుండా ఆ పని చేయలేదు.

కంటిలోనూ అదే కథ

వెలుగు ఆకులోనే కాదు, మన కంటిలో కూడా పనిచేస్తుంది. కంటి వెనక పొరలో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. మసక వెలుతురులో చూడటానికి అదే ఆధారం. దాని లోపల రెటినాల్ అనే చిన్న అణువు వంగి కూర్చుని ఉంటుంది. వెలుగు తగలగానే అది నిటారుగా తిరుగుతుంది. అందుకు పట్టే కాలం సుమారు 200 ఫెమ్టోసెకన్లు. మనం చూసే చూపు అక్కడే మొదలవుతుంది.

2023లో స్విట్జర్లాండ్‌కు చెందిన వాలెరీ పనీల్స్ అనే మహిళా శాస్త్రవేత్త బృందం దీని బొమ్మలు అచ్చు వేసింది. పశువుల కంటిలోని రోడాప్సిన్‌ను తీసుకుని ఎక్స్‌రే లేజర్ కింద పెట్టారు. వెలుగు తగిలిన వెయ్యి ఫెమ్టోసెకన్లకే రెటినాల్ మెలిక తిరిగి, చుట్టూ ఉన్న పట్టును వదిలించుకోవటం కనిపించింది.

ఈ రెటినాల్ దేనితో తయారవుతుంది? ఎ విటమిన్‌తో. ఎ విటమిన్ తగ్గితే రెటినాల్ తగ్గుతుంది. అప్పుడు పొద్దుగూకగానే పిల్లలకు కనిపించదు. గడప తగిలి పడతారు. ముందున్న కంచం తడుముకుంటారు. అదే రేచీకటి. పట్టించుకోకపోతే చూపు మొత్తం పోవచ్చు.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, మామిడిపండు, క్యారెట్, గుడ్డు, పాలు పిల్లలకు పెట్టాలి. ఆకుకూరను కొంచెం నూనెతో వండితే విటమిన్ ఒంటికి బాగా పడుతుంది. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు టీకాతోపాటు ఎ విటమిన్ మందు మొదటి మోతాదు పోస్తారు. ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకు ఒకసారి పోస్తారు. ఏఎన్ఎం చెప్పిన మోతాదే వేయించాలి. ఎక్కువ పోస్తే మంచిది కాదు.

మన దగ్గర

ఎక్స్‌రే లేజర్ యంత్రం మన దేశంలో లేదు. కానీ ఇండోర్‌లో ఇండస్-2 అనే యంత్రం ఎక్స్‌రే వెలుగునిస్తుంది. అణువుల ఆకారం చూడటానికి దాన్ని వాడుతున్నారు. హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, గోపన్‌పల్లిలోని టాటా సంస్థ పరిశోధన కేంద్రంలోనూ ఫెమ్టోసెకను లేజర్లతో పరిశోధనలు జరుగుతున్నాయి.

అతి చిన్న మెరుపుల పనిలో ఆడవాళ్లు ముందున్నారు. బలమైన చిన్న లేజర్ మెరుపులు తయారు చేసే పద్ధతికి కెనడాకు చెందిన డోనా స్ట్రిక్‌లాండ్ 2018లో నోబెల్ బహుమతి పంచుకుంది. ఫెమ్టోసెకను కంటే కూడా చిన్న మెరుపులు చేసినందుకు ఆన్ లుయిలియే 2023లో ఆ బహుమతి పంచుకుంది. వాళ్లూ ఒకనాడు పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లే. పదో తరగతిలో సైన్సు బాగుందని చెప్పే ఆడపిల్ల ఇంట్లో ఉంటే, చదువు మాన్పించే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

కొత్త మాటలు

అణువు: పదార్థంలోని అతి చిన్న ‘గింజ’. కొన్ని పరమాణువులు కలిస్తే అణువు.
స్ఫటికం: అణువులు వరసగా పేర్చి ఉన్న ముక్క. ఉప్పురాయి, పటికబెల్లం లాంటిది.
లేజర్: అలలన్నీ ఒకే తాళంలో నడిచే వెలుగు.
ఫెమ్టోసెకను: సెకనులో కోటో వంతును మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క.

చదివి మాట్లాడుకోండి

1. ఎసరు మరిగినప్పుడు నీరు విడిపోతుందా? ఆవిరి ఏమిటి?
2. మెరుపులో ఊగే చెట్టు ఆగినట్టు ఎందుకు కనిపిస్తుంది?
3. అన్నం గిన్నెల పోలికను మీ మాటల్లో పక్కవారికి చెప్పండి.
4. మీ వాడలో పొద్దుగూకితే తడుముకునే పిల్లలు ఉన్నారా? వాళ్లను ఎక్కడికి తీసుకుపోవాలి?